సమాచారం ఎక్కువైతే మెదడు ఏం చేస్తుంది?

మీరెప్పుడైనా రైల్వే స్టేషన్‌లో నిలబడి సిగ్నళ్లు ఎలా మారుతాయో గమనించారా? మా శంకర్‌పల్లి స్టేషన్ సికింద్రాబాద్ నుంచి వికారాబాద్ మీదుగా వాడి వెళ్లే దారిలో ఉంది. నిజాం కాలంలో, 1874లో, ఈ దారిలో రైళ్లు నడవడం మొదలైంది. ఇప్పుడు రోజూ ఎన్నో బళ్లు మా ఊరి మీదుగా పోతాయి. ఎక్స్‌ప్రెస్ బళ్లు, ప్యాసింజరు బళ్లు, సిమెంటు, బొగ్గు మోసే గూడ్సు బళ్లు. అయినా అవి ఒకదాన్నొకటి ఢీకొనవు. ఎందుకని?

రైలు పట్టాలను భాగాలు భాగాలుగా విభజిస్తారు. ఒక్కొక్క భాగాన్ని ‘బ్లాక్’ అంటారు. ఒక బ్లాక్‌లో ఒక బండి ఉన్నంతసేపు రెండో బండికి అందులోకి ప్రవేశం లేదు. సిగ్నల్ ఎర్రగానే ఉంటుంది. మొదటి బండి ఆ భాగం దాటిపోయిన తర్వాతనే రెండోదానికి దారి ఇస్తారు. వెనక ఎన్ని బళ్లు ఆగి ఉన్నా, ఎంత తొందర ఉన్నా ఈ నియమం మారదు.

మన మెదడుకు కూడా ఇటువంటి పరిమితి ఉంది. అయితే అక్కడ సిగ్నల్ వేసే స్టేషన్ మాస్టరు ఎవరు? ఆ పని మనమే చేయాలి. చేయకపోతే ఏమవుతుందో ఈ పాఠంలో చూద్దాం.

అప్పటి కరువు, ఇప్పటి వరద

నేను బడిలో చదువుకున్న రోజుల్లో, అంటే 1980 ప్రాంతంలో, సమాచారానికి కరువు ఉండేది. మా పల్లెకు ఒకే ఒక్క దినపత్రిక వచ్చేది, అదీ మధ్యాహ్నానికి. పెద్దవాళ్లు చదివి వదిలేసిన తర్వాత మా వంతు. పల్లీల పొట్లం విప్పి, పల్లీలు తిని, ఆ కాగితం మీద ఉన్న సగం వార్త చదివేవాళ్లం. మిగతా సగం ఏమై ఉంటుందా అని రెండు రోజులు ఆలోచించేవాళ్లం.

ఇప్పుడు మీ ఇంట్లో సెల్‌ఫోన్ ఉంది. దానిలో వాట్సాప్, యూట్యూబ్, వార్తల యాప్‌లు ఉన్నాయి. కరువు పోయి వరద వచ్చింది. ఈ వరద ఎంతటిదో ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక ఫోన్‌కు రోజుకు 120 మెసేజ్‌లు వస్తాయనుకోండి. ఒక్కొక్కటి చూడడానికి 20 సెకన్లు చాలు అనుకుందాం. 120ని 20తో గుణిస్తే 2,400 సెకన్లు, అంటే 40 నిమిషాలు. నెలకు 1,200 నిమిషాలు, అంటే 20 గంటలు. మీ బడిలో ఒక పీరియడు 45 నిమిషాలైతే, దాదాపు 27 పీరియడ్లు! వీడియోల లెక్క ఇందులో కలపనే లేదు.

హెర్బర్ట్ సైమన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1971లోనే ఈ విషయాన్ని చెప్పాడు. ఆవు గడ్డిని తిన్నట్లుగా సమాచారం కూడా ఒకదాన్ని తింటుంది. అది మన శ్రద్ధ. సమాచారం పెరిగినకొద్దీ శ్రద్ధకు కొరత వస్తుంది. అప్పటికి సెల్‌ఫోన్లు లేవు, ఇంటర్నెట్ మన ఇళ్లకు రాలేదు. అయినా ఆయన అన్నమాట నిజమైంది.

మెదడులో ప్లాట్‌ఫారాలు ఎన్ని?

మన జ్ఞాపకం ఒకే రకం కాదు. ఎక్కాలు, మీ ఊరి దారి, అమ్మ గొంతు – ఇవి ఏళ్ల తరబడి నిలిచే దీర్ఘకాలిక జ్ఞాపకాలు. వీటి నిల్వకు చోటు చాలా ఉంది. కానీ ఇప్పుడు, ఈ క్షణంలో మనసులో ఉంచుకుని పని చేసే జ్ఞాపకం వేరు. మనోగణితం చేసేటప్పుడు ‘చేతిలో మూడు’ అని గుర్తుంచుకుంటారే, అదే ఈ తాత్కాలిక జ్ఞాపకం. కొత్త విషయం సాధారణంగా ఇక్కడ కాసేపు నిలిచి, దాని గురించి మనం ఆలోచిస్తేనే లోపలి నిల్వకు చేరుతుంది.

1956లో జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ తాత్కాలిక జ్ఞాపకంలో సుమారు ఏడు అంశాలు పడతాయని రాశాడు. 2001లో నెల్సన్ కోవన్ పాత ప్రయోగాలన్నీ మళ్లీ పరిశీలించి, నిజానికి నాలుగు అంశాలకే చోటు ఉందని చూపాడు. అంటే మన మెదడు మూడు నాలుగు ప్లాట్‌ఫారాలున్న చిన్న స్టేషన్ వంటిది. అయిదో బండి వచ్చిందంటే ఉన్నవాటిలో ఒకటి కదిలిపోవలసిందే.

అయితే ఒక ఉపాయం ఉంది. ఈ అంకెలను ఒకసారి చదివి, కళ్లు మూసుకుని తిరిగి చెప్పండి:

1 9 4 7 1 9 6 9 2 0 1 4

కష్టంగా ఉంది కదూ? ఇప్పుడు ఇలా చదవండి: 1947, 1969, 2014. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది, చంద్రుడి మీద మనిషి కాలు మోపిన ఏడాది, తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన ఏడాది. పన్నెండు అంకెలు మూడు ముక్కలయ్యాయి. ప్లాట్‌ఫారాలు పెరగలేదు, కానీ పెట్టెలను బండిగా కలిపి తెచ్చాం. ఇలా ముక్కలు కట్టాలంటే ఆ విషయం గురించి ముందే కొంత తెలిసి ఉండాలి. అందుకే నిదానంగా చదివి నేర్చుకున్నవాడు కొత్త విషయాన్ని తొందరగా పట్టుకుంటాడు. వంద విషయాలు పైపైన చూసినవాడికి వంద విడి అంకెలే మిగులుతాయి.

ఒక చిన్న ప్రయోగం

“నేను ఫోన్ చూస్తూ కూడా చదవగలను సార్” అని నా విద్యార్థులు అంటూ ఉంటారు. వాదన ఎందుకు? ప్రయోగం చేద్దాం. ఒక కాగితం, కలం, సెకన్ల ముల్లు ఉన్న గడియారం చాలు.

మొదట ఒక వరుసలో అ నుంచి ఒ దాకా పది అక్షరాలు (అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ, ఎ, ఏ, ఐ, ఒ) రాయండి. తర్వాత దాని కింద 1 నుంచి 10 దాకా అంకెలు రాయండి. మొత్తానికి ఎన్ని సెకన్లు పట్టిందో గుర్తించండి. రెండోసారి అవే అక్షరాలను, అవే అంకెలను మార్చి మార్చి రాయండి. పై వరుసలో అ, కింద 1, మళ్లీ పైన ఆ, కింద 2 – ఇలా చివరి దాకా.

రాసినవి రెండుసార్లూ ఇరవై గుర్తులే. చేయి చేసిన పని దాదాపు ఒక్కటే. కానీ రెండోసారి ఎక్కువ సమయం పడుతుంది, తప్పులు కూడా వస్తాయి. ప్రతిసారీ ‘నేను ఎక్కడ ఆగాను?’ అని మనసు వెతుక్కోవలసి రావడమే దీనికి కారణం. 1927లోనే అమెరికాలో ఆర్థర్ జెర్సిల్డ్ ఇటువంటి ప్రయోగాలు చేశాడు. లెక్కలను ఒకే రకంగా వరసగా చేయించినప్పటి కంటే, రెండు రకాలను మార్చి మార్చి చేయించినప్పుడు జనం ఎక్కువ సమయం తీసుకున్నారు.

అంటే మనం రెండు పనులూ కలిపి చేస్తున్నామనుకున్నప్పుడు నిజానికి ఒకదాని నుంచి మరొకదానికి గెంతుతున్నాం. ప్రతి గెంతుకూ సుంకం ఉంది. వర్గ సమీకరణం సగంలో ఉండగా ఫోన్ ‘టింగ్’ మంది. చూసింది పది సెకన్లే. కానీ తిరిగి వచ్చేసరికి లెక్క తలలోంచి జారిపోయింది. మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి.

అవధాని ఏం చేస్తాడు?

ఇక్కడ మీకొక అనుమానం రావచ్చు. మరి అష్టావధానం చేసేవారు ఎనిమిది పనులు ఒకేసారి చేస్తారు కదా? తిరుపతి వేంకట కవులుగా పేరు పొందిన దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి ఈ విద్యతో తెలుగు దేశమంతా తిరిగి సభలను మెప్పించారు. వారి మెదళ్లలో ఎనిమిది పట్టాలు ఉన్నాయా?

అవధానం ఎలా సాగుతుందో జాగ్రత్తగా చూడండి. అవధాని చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు. ఒకరు నాలుగు పదాలిచ్చి వాటితో పద్యం చెప్పమంటారు. ఒకరు ఫలానా అక్షరం వాడవద్దని అడుగడుగునా అడ్డు పడతారు. అవధాని మొదటివారికి ఒక పాదం చెబుతాడు. అది ముగించి రెండోవారి వైపు తిరుగుతాడు, వారికీ ఒక పాదం. ఇలా వరసగా అందరి దగ్గరకూ వెళ్లి, మళ్లీ మొదటికి వచ్చి రెండో పాదం అందుకుంటాడు. చివర అన్ని పద్యాలనూ పూర్తిగా అప్పగిస్తాడు. దానికి ధారణ అని పేరు. కొన్ని అవధానాలలో గంటలు లెక్కపెట్టడం మాత్రం పక్కన సాగుతూ ఉంటుంది.

గమనించారా? ఎనిమిది మంది ఉన్నా, పద్యం దగ్గరకు వచ్చేసరికి ఒక సమయంలో ఒక్క పాదమే. ప్రశ్నలకు హద్దు ఉంది, వరస ఉంది. ఛందస్సు అక్షరాలను ముక్కలుగా కట్టి పెడుతుంది. దీని వెనక ఏళ్ల సాధన ఉంది.

అందరికంటే ముఖ్యుడు అప్రస్తుత ప్రసంగి. సందర్భం లేని ప్రశ్నలతో అవధాని ఏకాగ్రతను చెడగొట్టడమే ఆయన పని. “అవధాని గారూ, ఈ రోజు మీ ఇంట్లో ఏం కూర?” అంటాడు. అవధాని చమత్కారంగా ఒక్క మాటలో బదులిచ్చి, సభను నవ్వించి, వదిలిన పాదం దగ్గరకు తిరిగి వస్తాడు. ఆ ప్రశ్న వెంట పోడు.

మన ఫోన్‌లోని నోటిఫికేషన్ కూడా అప్రస్తుత ప్రసంగియే. తేడా ఏమిటంటే, సభలో ఆయన ఒక్కడే. ఫోన్‌లో మనం ఎంతమందిని కూర్చోబెడితే అంతమంది.

తొంభయ్యో మెసేజ్

ఇంతవరకూ చదువు పాడవడం గురించి చెప్పాను. కానీ నష్టం అంతటితో ఆగదు. నేను చేసిన ఒక తప్పు మీకు చెబుతాను.

2018 మే నెల. సెలవుల్లో ఒక సాయంత్రం ఫోన్ తెరిచాను. తొంభైకి పైగా మెసేజ్‌లు. పెళ్లి ఫోటోలు, ఉపాధ్యాయుల బదిలీల కబుర్లు, ఆకుల రసంతో రోగాలు పోతాయనే సలహాలు, పొద్దుటి శుభాకాంక్షలు. ఒకదాని తర్వాత ఒకటి వేలితో తోస్తూ పోయాను. చివరలో ఒకటి వచ్చింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠా మన జిల్లాలో దిగిందనీ, వెంటనే అందరికీ పంపాలనీ అందులో ఉంది. పంపితే పోయేదేముంది, జాగ్రత్తగా ఉంటారు అనుకున్నాను. ఒక గ్రూపుకు పంపేశాను.

రెండు రోజుల తర్వాత మా ఊరికి దగ్గరి ఒక పల్లెకు పని మీద వెళ్లాను. పాత బట్టలకు గిన్నెలు ఇచ్చే ఒక ముసలామెను కొందరు యువకులు చుట్టుముట్టి ఉన్నారు. ఆమె గంప బోర్లా పడి ఉంది. “పదేండ్ల సంది వస్తున్న సారూ, నన్ను ఎరుగరా మీరు?” అని ఆమె అందరి ముఖాలూ చూస్తోంది. ఒక ఇంటి పెద్దమ్మ ఆమెను గుర్తుపట్టి, చేయి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టి నీళ్లు ఇచ్చింది కాబట్టి సరిపోయింది. ఎందుకు ఆపారని ఆ పిల్లలను గద్దించాను. వారిలో ఒకడు నా దగ్గర చదివినవాడే. ఫోన్ తీసి చూపించాడు. మెసేజ్ పైన నా పేరే ఉంది.

“మీరే పంపిండ్రు గద సార్” అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. సాక్ష్యం లేనిదే దేన్నీ నమ్మవద్దని అప్పటికే ఇరవై ఏళ్లకు పైగా పాఠం చెబుతున్నవాణ్ణి. మొదటి మెసేజ్‌గా వచ్చి ఉంటే బహుశా ఆగి ఆలోచించేవాణ్ణి. తొంభయ్యోదిగా వచ్చింది. అప్పటికి చదవడం మానేసి వేలితో తోయడమే మిగిలింది. అది అబద్ధమని వెంటనే అదే గ్రూపులో రాశాను. కానీ మొదటి మెసేజ్ అప్పటికే ఎన్ని గ్రూపులు దాటిందో, నా సవరణ ఎందరికి చేరిందో నాకు తెలియదు.

గద్వాలలో ఏం జరిగింది?

ఆ ఏడాది ఈ వదంతి మా ప్రాంతంలోనే కాదు, దేశంలో చాలా రాష్ట్రాలలో వ్యాపించింది. 2018 జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో అయిదుగురు అమాయకులను జనం కొట్టి చంపారు. అప్పుడు తిరిగిన వీడియోలలో ఒకటి పాకిస్తాన్‌లోని కరాచీలో తీసినది. మోటారు సైకిల్ మీద వచ్చిన మనుషులు పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. నిజానికి అది పిల్లల రక్షణ గురించి జనాన్ని హెచ్చరించడానికి తీసిన ప్రచార చిత్రం. చివరలో వారు పిల్లవాణ్ణి తిరిగి తెచ్చి దింపుతారు. ఎవరో ఆ చివరి భాగం కత్తిరించి పంపారు. సగం పొట్లం కాగితం వార్త గుర్తుందా? మేము మిగతా సగం ఏమిటా అని ఆలోచించేవాళ్లం. ఈ వీడియో చూసిన చాలామందికి మిగతా సగం ఉందనే తట్టలేదు.

అదే సమయంలో మన రాష్ట్రంలోని జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలకు రెమా రాజేశ్వరి ఎస్పీగా ఉన్నారు. వేసవి రాత్రుల్లో ఆరుబయట పడుకునే పల్లె జనం ఇళ్లలోకి వెళ్లి తలుపులు బిగించుకుంటున్నారని గ్రామాలు తిరిగే కానిస్టేబుళ్లు గమనించారు. కారణం అడిగితే ఫోన్లలో వచ్చిన వీడియోలు చూపించారు. పోలీసులు ఊరూరా తిరిగి, డప్పు కొట్టించి, జానపద బాణీలలో పాటలు పాడించి, అవి అబద్ధాలని చెప్పారు. తామే ఊళ్ల వాట్సాప్ గ్రూపులలో చేరి వదంతులను కనిపెట్టారు. దాదాపు 400 గ్రామాలున్న ఆ ప్రాంతంలో ఈ వదంతి వల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదు.

ఫోన్‌లో వచ్చిన దాన్ని ఆపడానికి మనుషులు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకోవలసి వచ్చింది.

అయిదు రెట్ల లెక్క

వదంతి అంత వేగంగా ఎలా పోతుంది? గుణశ్రేఢి తెలిసినవారికి ఇది తేలిక. ఒకరు అయిదుగురికి పంపారు. వారిలో ప్రతి ఒక్కరూ మరో అయిదుగురు కొత్తవారికి పంపారు. మెట్టుమెట్టుకూ 5, 25, 125, 625... పదో మెట్టులో 97,65,625 మంది! పదకొండో మెట్టులో 4 కోట్ల 88 లక్షలు దాటుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి తెలంగాణ ప్రాంత జనాభా సుమారు 3 కోట్ల 50 లక్షలే. నిజ జీవితంలో అందరూ పంపరు, పంపినవారికే మళ్లీ వస్తుంది. అయినా లెక్క దారి ఇదే.

ఈ కారణంగానే వాట్సాప్ సంస్థ 2018 జూలైలో మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి అయిదు చోట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా హద్దు పెట్టింది. అప్పటికే చాలా చేతులు మారిన మెసేజ్‌ను ఒకసారికి ఒక చోటికే పంపగలిగేటట్లు 2020 ఏప్రిల్‌లో మార్చింది. అయిదు స్థానంలో ఒకటి పెట్టి పై లెక్క మళ్లీ చేయండి. పది మెట్లకు పదిమందే.

అబద్ధానికి ఇంకో బలం కూడా ఉంది. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ శాస్త్రజ్ఞులు 2006 నుంచి 2017 దాకా ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించి 2018లో ఫలితాలు ప్రకటించారు. 1,500 మందికి చేరడానికి నిజానికి పట్టిన కాలం అబద్ధానికి పట్టిన దానికి ఆరు రెట్లు. అబద్ధం కొత్తగా, ఆశ్చర్యంగా ఉంటుంది. అందుకే జనం దాన్ని పంచుకుంటారు.

మీరు చేయవలసినవి

ఫోన్‌ను బావిలో పారవేయమని నేను చెప్పను. ఈ పాఠానికి కావలసిన చాలా విషయాలు నేనూ దానిలోనే సరిచూసుకున్నాను. సిగ్నల్ మాత్రం మన చేతిలో ఉండాలి.

మొదటిది, వేళ పెట్టుకోండి. మెసేజ్‌లు రోజుకు రెండుసార్లు చూస్తే చాలు. చదివేటప్పుడు నోటిఫికేషన్లు ఆపి, ఫోన్‌ను వేరే గదిలో ఉంచండి. పడుకునేటప్పుడు కూడా అంతే.

రెండోది, ప్రశ్నతో వెళ్లండి. గ్రంథాలయంలో వేల పుస్తకాలు ఉంటాయి. అయినా అక్కడ ఎవరికీ తల తిరగదు. పుస్తకాలు వరసలో ఉంటాయి, మనం కావలసినది అడిగి తీసుకుంటాం. మన గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో అయిదు సూత్రాలు రాశారు. పాఠకుడి కాలాన్ని ఆదా చేయాలన్నది వాటిలో ఒకటి. ఫోన్‌లో ఆ ఆదా ఎవరూ చేసిపెట్టరు. అందుకని ఫోన్ చేతిలోకి తీసుకునే ముందు, మీకు కావలసినదేమిటో కాగితం మీద ఒక్క వాక్యంలో రాయండి. జవాబు దొరకగానే ఫోన్ పక్కన పెట్టండి.

మూడోది, మూసి చెప్పండి. చదివిన తర్వాత పుస్తకం మూసి, సొంత మాటలలో నాలుగు ముక్కలుగా రాయండి. మళ్లీ మళ్లీ చదవడం కంటే ఇలా గుర్తు తెచ్చుకోవడం వల్ల విషయం ఎక్కువ కాలం నిలుస్తుందని 2006లో రోడిగర్, కార్పికీ అనే శాస్త్రజ్ఞులు విద్యార్థుల మీద ప్రయోగం చేసి చూపారు. అవధాని చేసే ధారణ కూడా ఇటువంటిదే.

నాలుగోది, పంపే ముందు అడగండి. ఇది ఎవరు చెప్పారు? ఎప్పుడు, ఎక్కడ జరిగింది? నేను చివరిదాకా చూశానా? మరోచోట కూడా ఇదే ఉందా? వీటిలో ఒక్కదానికి జవాబు లేకపోయినా సిగ్నల్ ఎరుపే. ‘వెంటనే అందరికీ పంపండి’ అని ఉన్న మెసేజ్‌ను మరింత అనుమానించండి. నిజానికి అంత తొందర సాధారణంగా ఉండదు.

అయిదోది, తప్పు పంపితే ఒప్పుకోండి. పంపిన చోటనే ‘అది తప్పు’ అని రాయండి. సిగ్గుపడవలసిన పని లేదు. సైన్సులో తప్పు దిద్దుకోవడం రోజూ జరిగే పనే.

మీరే చేసి చూడండి

1. అక్షరాలు, అంకెల ప్రయోగాన్ని మీ తరగతిలో పదిమంది చేత చేయించండి. రెండు సమయాలనూ పట్టికగా రాసి సగటు కట్టండి. తేడా ఎంత?

2. మీ ఇంటి ఫోన్‌కు ఒక రోజులో వచ్చిన మెసేజ్‌లను పెద్దవారి అనుమతితో లెక్కపెట్టండి. వాటిలో ఎన్ని మీకు నిజంగా అవసరం?

3. ఒకరు ముగ్గురికి పంపితే, ఎనిమిదో మెట్టులో మెసేజ్ ఎంతమందికి చేరుతుంది? వారిలో మూడో మెట్టువారందరూ పంపకుండా ఆగిపోతే? రెండు జవాబులూ పక్కపక్కన రాసి, మీ అమ్మానాన్నలకు చూపండి.